ఆకుపచ్చ టోపీ కుర్రాడి పేరేంటి?

(గేమింగ్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఆఁ, సరే.

ముందుగా ఒక ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, నోటికొచ్చింది అరిచేయండి. ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ చొక్కా, చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. ఆ కుర్రాడి పేరేంటి?

(సభలో కేకలు)

‘లింక్’ అన్నవాళ్ళే ఎక్కువ. ఎడమ పక్కనుంచి మాత్రం ఒకాయన ‘జెల్డా’ అన్నారు. పక్కనున్న స్నేహితుడు మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు, పాపం ఈయన తల దించేసుకున్నారు. తల ఎత్తండి బాబూ. ఇవాళ మిమ్మల్ని గెలిపించి పంపిస్తాను.

నింటెండోవాళ్ళ వీడియో గేమ్ వరస ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’లో మొదటి ఆట 1986 ఫిబ్రవరి 21న జపాన్‌లో వచ్చింది. జెల్డా రాకుమారి. ఆమెని విడిపించడానికి బయల్దేరినవాడు లింక్. ఆటకి ఆమె పేరు పెట్టి, ఆడేవాడి చేతికి అతన్ని ఇచ్చారు కాబట్టి కొత్తవాళ్ళంతా అతన్నే జెల్డా అనుకుంటారు. మనం నవ్వుతాం. ఆట ఎంత పాతదో ఈ నవ్వూ అంత పాతది. కానీ ఆ ఆట మొదలవ్వగానే ఏం చేస్తుంది? పేరు రాయమంటుంది. ‘లింక్’ అని ముందే రాసిపెట్టి ఉండదు. మీ ఇష్టం వచ్చిన పేరు రాసుకోవచ్చు. అక్కడ ‘జెల్డా’ అని రాశారనుకోండి, ఆట వేరే ఆటైపోతుంది! సెకండ్ క్వెస్ట్ అంటారు దాన్ని. మామూలుగా ఆట మొత్తం ఒకసారి పూర్తి చేసినవాళ్ళకే అది తెరుచుకుంటుంది. ఆ పేరు రాసినవాళ్ళకి మాత్రం మొదటి నిమిషంలోనే దొరుకుతుంది. నేలమాళిగల ఆకారాలు మారిపోతాయి, దారులు మారిపోతాయి, గట్టిగా ఉందనుకున్న గోడలోంచి నడిచి అవతలికి వెళ్ళిపోవచ్చు.

అంటే హీరో పేరు జెల్డా అన్నవాడికి శిక్ష పడదు, బహుమానం వస్తుంది. అయ్యా, ఆ పాయింటు మీదే.

(చప్పట్లు)

అసలు ఈ సెకండ్ క్వెస్ట్ ఎలా పుట్టిందో ఇంకా బావుంటుంది. ఆటకి సారథి షిగెరు మియమోటో. ఆయనతో పాటు పనిచేసిన తకాషి తెజుకా నేలమాళిగలన్నీ గీసి ఇచ్చాడు. తీరా ప్రోగ్రామర్లు చూస్తే, వాటి కోసం కేటాయించిన చోటులో సగమే వాడాడు. లెక్క తప్పింది. ఇంకొకరైతే ఏం చేస్తారు? ‘మళ్ళీ గియ్యి’ అంటారు. మియమోటో ‘ఇది ఇలాగే ఉండనీ, మిగిలిన సగంలో ఇంకో ఆట పెడదాం’ అనే దారి పట్టాడు. ఒక మనిషి పొరపాటు వల్ల మనకి రెండో ఆట దొరికింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నన్ను పిలిచినవాళ్ళు ‘జెల్డా ట్రివియా గురించి ఏదైనా మాట్లాడండి’ అన్నారు. నేను చాలా ఏళ్ళుగా ఈ ప్రశ్నలు అడుగుతున్నాను, నేనూ అడిగించుకుంటున్నాను, ఓడిపోతున్నాను కూడా. నాకు అర్థమైంది ఒక్కటే. మంచి ప్రశ్న అంటే, ఓడిపోయినవాడు జవాబు విన్నాక ఇంటికెళ్ళి ఆ ఆట మళ్ళీ పెట్టాలి. ‘ఓహో, తెలీదు’ అని ఊరుకున్నాడంటే తప్పు అడిగినవాడిది. పొడుపు కథలో పొడిచినవాడికి ఉన్న బాధ్యత ఇదే కదా. విప్పాక అవతలివాడు ‘అరె!’ అనాలి.

జెల్డా వరసలో వచ్చిన ఆటల మీద మనవాళ్ళు ఎక్కువగా అడిగేవి లెక్కల ప్రశ్నలు. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో ష్రైన్లు, అంటే పజిళ్ళుండే గుళ్ళు, ఎన్ని? 120. టవర్లు ఎన్ని? 15. ‘ఆకరీనా ఆఫ్ టైమ్’లో బంగారు సాలీళ్ళు ఎన్ని? 100. ‘మజోరాస్ మాస్క్’లో ముసుగులు ఎన్ని? 24. ఇదిగో, ఇప్పుడు మీ మొహాలే చూడండి. జవాబులు తెలిసినవాళ్ళకి కూడా ఆవలింత వస్తోంది. ఇవి ఎక్కాల పుస్తకం ప్రశ్నలు.

అలాగని అంకె పాపమేం కాదు. అంకె వెనక కొంటెతనం ఉందా అని చూసుకోవాలి. అదే ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో కొరోక్ విత్తనాలు 900. రాళ్ళ కింద, చెట్ల చిటారు కొమ్మన, కొండ కొన మీద దాక్కున్న చిట్టి అడవి జీవులు ఒక్కొక్కటీ ఒక్కో విత్తనం ఇస్తాయి. ఇప్పుడు ‘కొరోక్ విత్తనాలు ఎన్ని’ అని అడక్కండి. ఇలా అడగండి: ‘ఒకడు 441 దగ్గర ఆగిపోయాడు, ఇంకొకడు 900 పూర్తి చేశాడు. రెండోవాడికి అదనంగా ఏం దక్కింది?’

విత్తనాలు తీసుకుని మన సంచీ పెంచేది హెస్టు అనే పెద్ద కొరోక్. 441 ఇచ్చేసరికి సంచీలో పెంచాల్సిన చోటంతా పెరిగిపోతుంది. మిగతా 459 కోసం మీరు ఎండావానా చూడకుండా హైరూల్ రాజ్యమంతా కాళ్ళరిగేలా తిరిగి, 900 పట్టుకెళ్ళి ఇస్తే, హెస్టు మీకు ఒక కానుక ఇస్తాడు. పసిడి రంగులో చుట్టలు చుట్టుకుని, పైన కొన తేలి ఉన్న ఒక ముద్ద. చూడగానే అదేమిటో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. దుర్వాసన వస్తుందని దాని వివరణలోనే రాసుంటుంది.

(నవ్వులు)

అది తెచ్చుకున్నవాళ్ళు ఈ సభలో ఉన్నారా? ఒకటి, రెండు... మూడు చేతులు. మీకు నా సానుభూతి. కానీ చూడండి, ముగ్గురూ గర్వంగానే ఎత్తారు చేతులు!

సరే, ఇప్పుడు నా పరువు పోయిన సంగతి చెప్తాను. ఒకసారి క్విజ్ నడిపే పని నా మీద పడింది. చివరి ప్రశ్న. ఇద్దరు సమానంగా ఉన్నారు. నేను గొంతు సవరించుకుని, ‘ట్విలైట్ ప్రిన్సెస్‌లో సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడు?’ అని అడిగాను. నాకు మహా తెలివైన ప్రశ్న అనిపించింది. ఒకతను తూర్పు అన్నాడు. ఇంకొకతను పడమర అన్నాడు. నేను పడమర అన్నవాడిని గెలిపించాను. తూర్పు అన్నవాడు కుర్చీలోంచి లేచి, ‘ఏ మెషిన్ మీదండీ?’ అన్నాడు. అంతే, నాకు చెమటలు పట్టేశాయి.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ‘ట్విలైట్ ప్రిన్సెస్’ని మొదట గేమ్‌క్యూబ్ కోసం తయారుచేశారు. లింక్ అప్పటికి ఎడమచేతి వాటం. కత్తి ఎప్పుడూ ఎడమ చేతిలోనే. ఈలోపు కొత్త మెషిన్ వీ రావడంతో 2006లో ఆటని దాని మీద కూడా విడుదల చెయ్యాలనుకున్నారు. వీలో రిమోట్ చేత్తో పట్టుకుని విసిరితే తెర మీద కత్తి తిరుగుతుంది. ఆడేవాళ్ళలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. కుడి చెయ్యి విసిరితే తెర మీద ఎడమ చెయ్యి ఆడటం ఎబ్బెట్టుగా ఉంటుంది. లింక్ ఒక్కణ్ణి కుడిచేతి వాటానికి మార్చాలంటే చాలా పని. దాంతో వాళ్ళు ఏం చేశారంటే, ప్రపంచాన్నే తిప్పేశారు. ఆట మొత్తాన్ని అద్దంలో ప్రతిబింబంలా చేసేశారు. లింక్ కుడిచేతివాడయ్యాడు. దాంతోపాటే పడమరన ఉండాల్సిన గెరూడో ఎడారి తూర్పుకి వచ్చింది. సూర్యుడు పడమరన పొడవడం మొదలుపెట్టాడు.

గేమ్‌క్యూబ్‌లో తూర్పు, వీలో పడమర. ఇద్దరూ రైటే. ఇది చాలదన్నట్టు 2016లో వీ యూ అనే తర్వాతి మెషిన్ మీద కొత్త మెరుగులతో మళ్ళీ వచ్చినప్పుడు, మామూలుగా ఆడితే గేమ్‌క్యూబ్ లెక్క, కష్టమైన హీరో మోడ్‌లో ఆడితే వీ లెక్క. అంటే ఒకే డిస్కులో రెండు సూర్యోదయాలు. ఆ తూర్పు మనిషి ఇప్పటికీ నాకు ఎప్పుడు ఎదురుపడ్డా ‘శుభోదయం’ అనడు, ‘ఏ దిక్కు?’ అంటాడు.

అప్పట్నుంచీ నేను ప్రశ్న రాస్తే ముందు మెషిన్ పేరు రాస్తాను, తర్వాతే ప్రశ్న. మీరూ అలాగే చెయ్యండి, గొడవలుండవు.

మెషిన్ గురించి అనుకుంటున్నాం కాబట్టి, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. మొదటి ఆటలో పోల్స్ వాయిస్ అని ఒక శత్రువు ఉంటుంది. పెద్ద పెద్ద చెవులు, మీసాలు, గెంతుకుంటూ మీద పడుతుంది. కత్తితో కొడితే ఓ పట్టాన చావదు. ఇంగ్లిష్ మాన్యువల్‌లో దానికి పెద్ద శబ్దమంటే పడదని రాశారు. ఇంకేం, అమెరికాలో పిల్లలంతా ఆటలో ఉండే వేణువు తీసి ఊదారు. ఏమీ అవ్వలేదు. మళ్ళీ ఊదారు. అది గెంతుకుంటూ వచ్చి మీద పడింది. మాన్యువల్‌ని తిట్టుకున్నారు. చివరికి ఎవరో బాణం వేస్తే ఒక్క దెబ్బకి పోయింది. అయితే మాన్యువల్ అబద్ధం చెప్పిందా? అదీ ప్రశ్న.

చెప్పలేదు. జపాన్‌లో ఆ ఆట నడిచింది ఫామికామ్ మీద. ఫామికామ్‌కి రెండు కంట్రోలర్లు ఉండేవి. రెండోదాంట్లో స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండాల్సిన చోట ఒక చిన్న మైకు ఉండేది. ఎదురుగా పోల్స్ వాయిస్ కనిపించగానే ఆ రెండో కంట్రోలర్ తీసి నోటి దగ్గర పెట్టుకుని ‘ఆఁ!’ అని అరిస్తే అది చచ్చిపోతుంది. అంత చెవులు దానికి అందుకే ఇచ్చారు! అదే మెషిన్ అమెరికాకి వేరే రూపంలో వెళ్ళినప్పుడు మైకు తీసేశారు. మాన్యువల్‌లో ఆ వాక్యం మాత్రం ఉండిపోయింది. ఆయుధం పోయింది, దాని గురించిన సూచన మిగిలింది.

దీనికి కొసరు ఒకటుంది. 2007లో నింటెండో డీఎస్ మీద ‘ఫాంటమ్ అవర్‌గ్లాస్’ వచ్చింది. డీఎస్‌కి మైకు ఉంది. పోల్స్ వాయిస్ మళ్ళీ వచ్చింది. మైకులో అరిస్తే కంగారుపడిపోయింది. అన్నేళ్ళ కింద వేణువు ఊది ఊది అలిసిపోయిన పిల్లలు అప్పటికి పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో కనీసం ఒక్కడైనా ఆ పూట గొంతు చించుకుని అరిచి ఉంటాడని నా నమ్మకం.

భాష మారేచోట ఇలాంటివి చాలా దొరుకుతాయి. జెల్డా వరసలో వచ్చిన రెండో ఆటలో రూటో అనే ఊళ్ళో ఒక గడ్డపాయన ఇంట్లో ఉంటాడు. పలకరిస్తే ‘ఐ యామ్ ఎర్రర్’ అంటాడు, అంటే ‘నా పేరు ఎర్రర్’ అని. ఆట పాడైపోయిందని భయపడి మెషిన్ ఆపేసినవాళ్ళున్నారు. పాడవ్వలేదండీ, ఆయన పేరే అది. అడివిలో ఇంకొకాయన ఉంటాడు, ఆయన పేరు బాగూ. జపనీయులు ‘బగ్’ అనే మాటని పలికేది అలాగే. ప్రోగ్రాములో ఉండే బగ్ అన్నమాట. ఒకడు బగ్, ఒకడు ఎర్రర్. ప్రోగ్రామర్ల చమత్కారం. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒకడి పేరు మాత్రమే అర్థమయ్యేలా వచ్చింది, రెండోవాడి పేరు అలాగే ఉండిపోయింది. జంట విడిపోయాక జోకు ఎవరికి తెలుస్తుంది?

సంగీతం మీద ఒక్కటి అడిగి ముందుకెళ్తాను. మొదటి ఆట మొదలవగానే వచ్చే సంగీతం ఏది అవ్వాల్సింది? ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన ‘బొలేరో’. స్వరకర్త కోజీ కొండో దాన్నే పెట్టాలనుకున్నాడు. విడుదల దగ్గరపడ్డాక తెలిసింది, దాని మీద కాపీరైటు ఇంకా తీరలేదని. అప్పటికప్పుడు, ఒక్క రాత్రిలో, ఆటలో మైదానాల్లో తిరిగేటప్పుడు వచ్చే బాణీనే కొత్తగా అల్లి అక్కడ పెట్టాడు. ఈరోజు ఎక్కడ జెల్డా అన్నా మన చెవిలో మోగేది ఆ రాత్రి పనే.

వెనక్కి తిప్పే ప్రశ్నలు నాకు మహా ఇష్టం. ‘స్కైవార్డ్ సోర్డ్’లో దేవతకి సంబంధించిన ఒక పాట ఉంటుంది. దాన్ని వెనకనుంచి ముందుకు వాయిస్తే ఏమొస్తుంది? జెల్డా జోలపాట, పాత ఆటల్లో రాకుమారి బాణీ. తెలియనివాళ్ళు ఈ రాత్రికి విని చూడండి, నేను చెప్పడం కంటే వినడం నయం. ‘టియర్స్ ఆఫ్ ది కింగ్డమ్’లో ఇంకా ముందుకు పోయారు. 2023లో వచ్చిన ఆ ఆటలో నేల మీద 120 ష్రైన్లు, నేల కింద చీకటి లోకంలో 120 వెలుగు వేళ్ళు ఉంటాయి. లైట్‌రూట్లు. సరిగ్గా ఒక్కో ష్రైన్ కింద ఒక్కో లైట్‌రూట్. ఒకటి దొరికిందంటే రెండోది ఎక్కడుందో తెలిసిపోయినట్టే. పేర్లు కూడా అద్దంలో పెట్టినట్టుంటాయి. పైన ఉన్నది మయాచిన్ ష్రైన్. కింద ఉన్నది నిహ్‌కాయమ్ లైట్‌రూట్. ఇంగ్లిష్ అక్షరాల్ని చివరినుంచి రాసుకుంటూ రండి, సరిపోతుంది. మన లిపిలో మాత్రం ఈ కిటుకు పారదు. ‘మయాచిన్’ని అక్షరాల వారీగా వెనక్కి రాస్తే ‘న్‌చియామ’ వస్తుంది. అది పలకడానికి నేను ఇంట్లో ఓసారి ప్రయత్నించాను, తుమ్ము వచ్చిందనుకున్నారు.

(నవ్వులు)

కాలక్రమం ప్రశ్నలు, అంటే ఏ ఆట కథ ముందు, ఏది తర్వాత అనేవి, నేను అడగను. 2011 చివర్లో నింటెండోవాళ్ళే పుస్తకంలో వేసి చూపించారు: ‘ఆకరీనా’ దగ్గర కాలం మూడు పాయలుగా చీలుతుందని, అందులో ఒక పాయలో లింక్ ఓడిపోతాడని. చూపించాక గొడవ తగ్గాలి. పెరిగింది. అది యక్షప్రశ్న, నాకు యుధిష్ఠిరుడంత ఓపిక లేదు.

గాలివార్తల సంగతి కూడా చెప్పాలి. ‘ఆకరీనా’ 1998లో వచ్చింది. అందులో ట్రైఫోర్స్‌ని, అంటే కోరిక తీర్చే బంగారు త్రిభుజాల్ని, మనం సొంతంగా తెచ్చుకోవచ్చని ఏళ్ళ తరబడి ఒకటే ప్రచారం. లేదు, తెచ్చుకోలేం. పరుగు పందెం కట్టే ఒకాయన ఉంటాడు, ఆయన్ని గెలిస్తే ఏదో ఇస్తాడని ఇంకో ప్రచారం. ఆయన్ని గెలవలేం. మీరు ఎంత వేగంగా వెళ్ళినా ఆయన మీకన్నా ఒక్క సెకను ముందుంటాడు. అలాగే తయారుచేశారు ఆయన్ని. కాబట్టి ఎవరైనా ‘మా ఫ్రెండు గెలిచాడు’ అంటే, ఆ ఫ్రెండుని తీసుకురమ్మనండి.

తమాషా ఏంటంటే, గాలివార్తలాగే వినిపించేది ఒకటి నిజం. ‘ఎ లింక్ టు ది పాస్ట్’లో ఒక రహస్యపు గది ఉంది. అందులో 45 నీలం రూపీలు, అంటే ఆటలో చెల్లే డబ్బు, ఉంటాయి. ఒక్కోటి 5 చొప్పున 225. గదిలో ఒక పలక మీద, పత్రిక పెట్టిన పోటీలో గెలిచిన ఒక అభిమాని పేరు ఉంటుంది. ఆ పేరు ఏమిటన్నది క్విజ్‌లలో తెగ అడుగుతారు. నేనైతే పేరు అడగను. ‘ఆ గది ఎందుకుంది?’ అని అడుగుతాను. లింక్ ఒక చోటునుంచి ఇంకో చోటుకి వెళ్ళేటప్పుడు, వాణ్ణి ఎక్కడ దింపాలో ప్రోగ్రాముకి తెలియకపోతే ఆట బిగుసుకుపోవాలి. అలా బిగుసుకోకుండా వాణ్ణి తెచ్చి ఆ గదిలో పడేస్తుంది. దారి తప్పినవాణ్ణి చేర్చుకునే గది. ఆ రూపీలు, చూడబోతే, దారి ఖర్చులకి ఇచ్చినట్టుంది.

టైమ్ అవుతోందని సైగ చేస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగిపోతాను. మొదట్లో అడిగిన ప్రశ్నకి మా ఇంట్లో ఇంకో జవాబు ఉంది.

గేమ్ బాయ్ మీద 1993లో ‘లింక్స్ అవేకెనింగ్’ వచ్చింది. అందులో హైరూల్ లేదు, జెల్డా లేదు, కోహోలింట్ అని ఒక ద్వీపం. ఆ కార్ట్రిడ్జ్ మా అన్నయ్యది. సేవ్ ఫైల్ కూడా అన్నయ్యదే, తన పేరే రాసుకున్నాడు. ఆయన లేనప్పుడు నేను ఆడేవాణ్ణి. ఊళ్ళో దుకాణంలో విల్లు 980 రూపీలు. నా దగ్గర, అంటే అన్నయ్య దగ్గర, అంత లేదు. విల్లు చేతిలోకి తీసుకుని దుకాణదారు చుట్టూ గిర్రున తిరిగితే, వాడు మనవైపే చూస్తూ తిరుగుతాడు. ఒక్క క్షణం వాడి చూపు వెనకపడుతుంది. ఆ క్షణంలో తలుపు దాటేశాను. విల్లు వచ్చేసింది! ‘ఫ్రీగా తెచ్చేసుకున్నావు, గర్వంగా ఉందా?’ అన్నట్టు ఆట ఒక మాట అంది. నేను చదవలేదు, ఎగిరి గంతేశాను. బాణాలు కొనుక్కుందామని మళ్ళీ దుకాణంలోకి వెళ్ళాను. దుకాణదారు ‘డబ్బు కట్టమన్నది సరదాకి కాదు’ అన్నట్టు ఒక మాట అని, పిడుగులాంటిది వేసి చంపేశాడు. సేవ్ చేసి, గేమ్ బాయ్ ఆపేసి, ఎక్కడ దొరికిందో సరిగ్గా అక్కడే పెట్టేశాను. ఎవరికీ ఏమీ తెలీదు అనుకున్నాను.

సాయంత్రం అన్నయ్య ఆన్ చేశాడు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత గదిలోంచి కేక:

‘ఒరేయ్! నా పేరుండాల్సిన చోట దొంగ అని ఉందేమిట్రా?’